అలమారాలో ఆండాళ్ మిక్స్‌టేప్

మా ఆండాళ్‌కి ఏ పనైనా ఒక్కసారి చేస్తే చేసినట్టు కాదు. మెట్ల మీద కింది వాటా ముసలావిడ ఎదురైతే "గూటెన్ టాగ్" అని జర్మన్‌లో పలకరిస్తుంది, రెండడుగులు వేస్తుంది, తన గొంతు తనకే నచ్చక వెనక్కొచ్చి మళ్ళీ అంటుంది. వాళ్ళమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేస్తే, హలో సరిగ్గా రాలేదు, పెట్టేసి మళ్ళీ చెయ్యమంటుంది. ఆవిడ పాపం పెట్టేసి మళ్ళీ చేస్తుంది. నా పుట్టినరోజుకి కేకు మూడుసార్లు కోయించింది. ప్రతిదానికీ ఒకటే మాట, "ఇంకో టేక్."

ఈ జబ్బు ర్యాప్ వల్ల వచ్చింది. జర్మనీలోని ఈ మాగ్డెబర్గ్‌లో మెకట్రానిక్స్ చదువుతూ తెలుగులో ర్యాప్ పాడే మనిషి నాకు తెలిసి ఆండాళ్ ఒక్కతే. మొదట్లో ఇద్దరు పాడేవాళ్ళు. ఆ రెండో గొంతు కావ్యశ్రీ. బ్యోబ్లింగెన్ అనే ఊళ్ళో ఉద్యోగం రాగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆండాళ్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు లేచి, ఏడు పాటలతో సోలో మిక్స్‌టేప్ చేస్తానంది. పేరు 'పెన్నా టు ఎల్బే', అంటే నెల్లూరు నది నుంచి ఈ ఊరి నదిదాకా. ఏడాదిన్నర గడిచినా అది పెన్నా ఒడ్డునే ఉంది.

ఇంట్లో మేం ముగ్గురం. ఆండాళ్, నల్గొండ హారిక, నేను. స్టూడియోకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్క ఆండాళ్ తన గదిలోని అలమారానే స్టూడియో చేసింది. గొంతు ప్రతిధ్వనించకుండా మా ముగ్గురి చలికోట్లూ లోపల చుట్టూ వేలాడదీసి, మధ్యలో స్టాండు మీద మైకు పెట్టి, తలుపేసుకుని చీకట్లో పాడేది. నా కోటుతో నాకు పెద్ద అవసరం లేదు, గడప దాటితే కదా. హారికకే కష్టమొచ్చింది.

"నా జాకెట్ ఇయ్యవే, బయట మైనస్ ఆరున్నది."

"దాన్ని తీస్తే బేసు పోద్ది మే."

హారిక రెండు స్వెటర్ల మీద శాలువా చుట్టుకుని ట్రామ్‌కి వెళ్ళిపోయేది. జనవరంతా అలాగే వెళ్ళింది. అంత ఓపిక దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు.

నేను గడప దాటకపోవడానికి కారణం నా థీసిస్ డిఫెన్స్, ప్రొఫెసర్ల ముందు నిలబడి చేసిన పని వివరించే పరీక్ష. నవంబరులో ఒకసారి వెళ్ళాను. రెండో స్లైడ్ దగ్గర ప్రొఫెసర్ దగ్గాడు. అంతే, నా నోరు పడిపోయింది. తెలిసిన ముక్క ఒక్కటీ బయటికి రాలేదు, ఫెయిల్ చేశారు. ఫిబ్రవరి పన్నెండున రెండోసారి, అదే ఆఖరుసారి. అదీ పోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే వీసా లేదు. ప్రాక్టీస్ చేద్దామని ఎవరన్నా అంటే ఏడుపొచ్చి గది తలుపేసుకునేదాన్ని.

అలాంటి టైములో ఆండాళ్ నన్ను ఆ చీకటి అలమారాలో నిలబెట్టి తలుపేసింది. మిక్స్‌టేప్ రిలీజ్ పదమూడో తారీకట, మైకు లెవెల్ చూసుకోవాలట, వేరే గొంతు కావాలట. "ఏం మాట్లాడాలి?" అన్నాను. నోటికొచ్చింది చెప్పమంది. ఆ రోజుల్లో నా నోటికొచ్చేది ఒకటే, నా థీసిస్: గాలిమరల బేరింగుల్లో పగుళ్ళని కంపనాన్ని బట్టి ముందే పసిగట్టడం. అదే చెప్పాను. లెవెల్ సరిపోలేదు, ఇంకో టేక్ అంది.

అలా నెల రోజులు. మధ్యలో తలుపు దబదబా బాదేది. చెంచాలు కింద పడేసేది. ఖళ్ళుఖళ్ళున దగ్గేది. బయట శబ్దం లోపలికి ఎంత వస్తోందో చూడాలనేది. పైగా తెలియనట్టు ప్రశ్నలు. పగులుంటే మొదటి రోజే ఎందుకు తెలీదు? నీ లెక్క తప్పైతే గాలిమర పడిపోద్దా? జవాబు చెబితే మళ్ళీ ఇంకో టేక్. పదకొండో తారీకు పొద్దున నాకు ఒళ్ళు మండిపోయింది.

"రేపు నా బతుకు తేలిపోతుంది. నీకు మైకు గోలా?"

"వినేవాళ్ళకి నీ బతుకుతో పన్లేదు మే. గొంతొక్కటే వినపడద్ది. కానియ్, మొదట్నుంచి చెప్పు."

ఆ మాటకి దాన్ని నిజంగా అసహ్యించుకున్నాను. అసహ్యించుకుంటూనే మొదట్నుంచి చివరిదాకా చెప్పాను.

మర్నాడు పది గంటలకి అదే గది, అదే ముగ్గురు పరీక్షకులు. రెండో స్లైడ్‌కి రాగానే ప్రొఫెసర్ మళ్ళీ దగ్గాడు. మాట ఆగింది. గోడ గడియారం ముల్లు కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. అయిపోయింది, ఇంటికి టికెట్ చూసుకోవాలి అనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పగులు మొదటి రోజే ఎందుకు తెలియదని అడిగాడు. దానికి నేను కనీసం నలభై సార్లు జవాబు చెప్పి ఉంటాను. నోరు దానంతటదే తెరుచుకుంది. తర్వాత ఆగమన్నా ఆగలేదు.

బయట కారిడార్‌లో ఇరవై నిమిషాలు నిలబెట్టారు. తలుపు తెరిచి లోపలికి పిలిచి, చేయి కలిపి, పాసయ్యావన్నారు.

ఇంటికొచ్చేసరికి ఆండాళ్ క్లాసుకెళ్ళింది. నా గొంతు రికార్డింగ్‌లో ఎలా ఉందో విందామని తిన్నగా అలమారా దగ్గరికి వెళ్ళి తలుపులు బార్లా తెరిచాను. స్టాండుకి మైకు లేదు. నల్ల సాక్సు తొడిగిన మా పప్పుగుత్తి కట్టి ఉంది. నెల రోజులుగా నా థీసిస్ విన్నది అదన్నమాట.

"మైకు యూనివర్సిటీ రేడియోవాళ్ళది, అడిగి తెచ్చింది. డిసెంబర్లనే వాపస్ ఇచ్చేసింది," అంది వెనక నుంచి హారిక. "పాటలన్నీ అప్పుడే అయిపోయినయ్."

"మరి రిలీజ్ ఎందుకు ఆపింది?"

"రిలీజ్ చేస్తే నిన్ను అల్మారల నిలబెట్టనీకి ఏం వంక చెప్తది? నువ్వేమో ప్రాక్టీస్ అంటే ఏడుస్తవ్."

అంటే జాకెట్ లేకుండా చలిలో తిరిగిన ఈ మహాతల్లి కూడా ఆ కుట్రలో ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

మర్నాడు శుక్రవారం సాయంత్రం ఆరింటికి రిలీజ్. ఆండాళ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పబ్లిష్ బటన్ మీద బాణం గుర్తు పెట్టింది. పది నిమిషాలైంది. సభలూ స్టేజీలూ అంటే లెక్కలేని మనిషి, ఆ బటన్ నొక్కలేకపోతోంది.

"భయంగా ఉంది మే. ఇదివరకు పక్కన కావ్య ఉండేది."

"నువ్వు కారిడార్‌లోకి వెళ్ళు," అన్నాను. "అక్కడ నిలబడితే చాలు, లోపల పని జరుగుతుంది. నాకు తెలుసు."

వెళ్ళింది. బటన్ నొక్కి, తలుపు తెరిచి లోపలికి పిలిచి, చేయి కలిపాను. కుర్చీలో కూలబడి నా మొహం వైపే చూసింది.

"ఎట్టుంది?"

ఏడు పాటల్లో ఒక్కటైనా నేనింకా పూర్తిగా వినలేదు. అయినా ఒక్క క్షణం ఆలోచించకుండా, అద్భుతంగా ఉందన్నాను.