చివరి వరుసలో పట్టాదారు

2001లో నన్ను శామీర్‌పేట వైపు ఒక భూరికార్డుల కార్యాలయానికి ప్రోగ్రామర్‌గా వేశారు. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. ఊరికొక టెక్స్ట్ ఫైలు, అందులో వరుసకొక రైతు. సి భాషలో నేను రాసిన ప్రోగ్రాం ఆ ఫైలును ఒక్కో వరుసే చదివి రైతుల పట్టాదారు పాసు పుస్తకాలు అచ్చుకు పంపేది.

మొదటి ఊరు పూర్తయిన వారానికి యాదమ్మ అనే రైతు వచ్చింది. ఆమెకు పుస్తకం రాలేదు. "గీ డబ్బల నా పేరు లేదంటున్రు. మరి ముప్పై ఏండ్ల సంది గా పొలం దున్నుతున్నది ఎవలు సారూ?" అని నిలదీసింది. కంప్యూటర్ తప్పు చెప్పదని మా అధికారి ఆమెకు ఓపికగా వివరించి, తాను ఉన్నట్టు రుజువు తెమ్మన్నారు.

తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. ఎంటర్ గుర్తు కనిపిస్తేనే వరుస ముగిసినట్టు నా ప్రోగ్రాంకు లెక్క. చివరి పేరు తరువాత టైపిస్టు ఎంటర్ నొక్కకపోతే ఆ రైతును చదవకుండానే ఫైలు మూసేసేది. ఆ ఊరి ఫైలులో ఆఖరి పేరు యాదమ్మది. సవరిస్తానంటే, ప్రోగ్రాం ముట్టుకోవడానికి పై కార్యాలయం అనుమతి కావాలన్నారు అధికారి. పోనీ, అందాకా ప్రతి ఫైలు చివరా ఒక ఎంటర్ కొట్టిద్దామన్నాను.

"కంటికి కనపడనిదాన్ని నేనెలా తనిఖీ చేస్తానండీ?" అన్నారాయన.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది: ప్రతి ఫైలు చివరా కనపడేలా ఒక ఉత్తుత్తి పేరు చేర్చాలి. ప్రోగ్రాం చివరి పేరును వదిలేస్తే ఆ ఉత్తుత్తిదే పోతుంది, అసలు రైతు మిగులుతాడని లెక్క. టైపిస్టు నర్సింహ 'సమాప్తం' అని కొట్టాడు. కాసేపటికి వచ్చి, "సార్, తండ్రి పేరు లేకుంటె చెకింగ్ ప్రోగ్రాం తీస్కుంటలేదు. ఏం కొట్టమంటరు?" అన్నాడు. అధికారే ఆలోచించి 'మంగళం' అన్నారు. విస్తీర్ణం కూడా తప్పనిసరి కాబట్టి రెండెకరాలు ఇచ్చారు. యాదమ్మకు మాత్రం, ఆమె ఉన్నట్టు సర్పంచ్ సంతకంతో కాగితం తెచ్చాకే పుస్తకం ఇచ్చారు.

మూడు నెలలకు అనుమతి వచ్చింది. ప్రోగ్రాం సరిచేశాను. అది ఇప్పుడు చివరి వరుసను కూడా వదలకుండా చదివింది. సర్క్యులర్ రద్దు చేయాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఊరూరా సమాప్తం, తండ్రి మంగళం, రెండెకరాల పట్టాదారుగా అచ్చయ్యాడు. ప్రతి పుస్తకం మీదా మా అధికారి సంతకం, ముద్ర ఉన్నాయి. తూంకుంటలో లేఅవుట్లు వేసే ఒకాయన వచ్చి, "గీ సమాప్తం సారుకు మస్తు జాగ ఉన్నట్టుంది. అమ్ముతడా? ఫోన్ నంబర్ ఉంటె జర ఇయ్యుండ్రి" అని అడిగేదాకా మాకెవరికీ తెలియలేదు.

సంజాయిషీ నోటీసు నాకు వచ్చింది.

ఆ తరువాత ఫైలు చదివే ప్రోగ్రాం ఏది రాసినా, ముందు చివరి వరుసను ఎంటర్ లేకుండా పెట్టి పరీక్షించేవాణ్ణి. చదివిన పేర్ల జాబితాను ఆయా ఊరి మనిషి చేతికిచ్చి పైకి చదివించేవాణ్ణి. ఈ రెండో పరీక్షకు ఎవరి అనుమతీ అడగలేదు.