చెప్పకుండా ఊడదీయని రంగరాజన్

రంగరాజన్ ఏ వస్తువునీ దానికి చెప్పకుండా ఊడదీయడు. ఆయనలో వింత అంటూ ఉన్నది అదొక్కటే. మిగతా అన్నిట్లో కోయంబత్తూరు దగ్గర సూలూరు పక్క మిల్లు కాలనీలో కాపురముండే అరవై తొమ్మిదేళ్ళ మామూలు మనిషి. ఆయన భార్య సౌందరం మాత్రం, తాను నలభై రెండేళ్ళుగా కాపురం చేస్తున్నది ఆ వింతతోనేననీ, మనిషి దాంతో పాటు కొసరుగా వచ్చాడనీ చెబుతుంది.

మిక్సీ ప్లగ్గు పీకాలంటే ముందు దాని మీద చెయ్యి పెట్టి, "సెరి, తీస్తా ఉండా" అంటాడు. గోడ మీద క్యాలెండరు కాగితం చింపే ముందు నిన్నటి తేదీకి ఒక మాట చెబుతాడు. ఒకసారి పంటి డాక్టరు పట్టకారు పట్టుకుని నోరు తెరవమంటే, నోరు మూసుకుని, "దానికి చెప్పినారా సార్?" అని అడిగాడు. పాతికేళ్ళుగా పళ్ళు పీకుతున్న ఆ డాక్టరు ఆ రోజు మొదటిసారి పట్టకారు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడట.

కరెంటు పోతే అందరూ ఆఫీసుకు ఫోను చేసి ఎప్పుడొస్తుందని అడుగుతారు. రంగరాజన్ అది అడగడు. "పోవచ్చు సార్, మేము వద్దనలే. చెప్పి పోవాల" అంటాడు. ఆ ఆఫీసులో ఆయన గొంతు గుర్తుపట్టి, "చెప్పి పోవాల సార్ లైన్లో ఉన్నారు" అని ఫోను ఒకరి చేతిలోంచి ఒకరికి మార్చుకుంటారు.

నిజానికి ఈ మాట ఆ నేల గాలిలోనే ఉంది. దేశంలో ఎన్నో ఊళ్ళు చూడొచ్చు. గడప దాటేటప్పుడు ఎవరూ ఒక్క మాట కూడా అనని ఊళ్ళు కూడా ఉన్నాయి. కోయంబత్తూరు పక్క తెలుగిళ్ళలో మాత్రం ఎవరూ 'పోతా' అనరు. 'పొయ్యొస్తా' అంటారు. లోపలి నుంచి 'సెరి' అని వినబడేదాకా చెప్పుల్లో కాలు పెట్టరు. ఇంటి తెలుగులో సగం అరవమై పోయినా, ఆ 'పొయ్యొస్తా' మాత్రం చెక్కు చెదరలేదు. రంగరాజన్ దాన్ని మనుషుల దగ్గర ఆపకుండా ప్లగ్గుల దాకా తీసుకెళ్ళాడు.

మిల్లులో ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసినన్నాళ్ళూ ఈ గుణం కాస్త అదుపులోనే ఉండింది. రిటైరయ్యాక టీవీ కింద సబ్బు పెట్టెంత కంప్యూటరు ఒకటి పెట్టి, దానికి అయిదు హార్డు డిస్కులు తగిలించాడు. సినిమాలు, భజనలు, చుట్టాల పెళ్ళి వీడియోలు, వాటితో పాటు సౌందరం ప్రాణప్రదంగా చూసుకునే నాలుగు వందల భాగాల సీరియలు, అన్నీ అందులోనే. ఇంటిల్లిపాదికీ అది సర్వరు. రంగరాజన్‌కు అది పెళ్ళి భోజనాల పంక్తి.

"వైరు గుచ్చితే డిస్కు వచ్చేసినట్టే గదా?" అని సౌందరం మొదట్లో అడిగింది.

"వాకిట్లోకి వచ్చినట్టు. లోపలికి పిలిచి, ఆకేసి కూర్చోబెట్టొద్దా? దాన్ని మౌంట్ అంటారు."

"ఎవురికి ఏ ఆకో దానికి ఎట్లా తెలుసు?"

తెలియదు. ఆ సంగతి మొదటి కరెంటు కోతకే బయటపడింది. ముందు లేచిన డిస్కు ముందు ఆకులో కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి సౌందరం సీరియలు నొక్కితే మోటారుకు తీగ చుట్టే పాఠం వచ్చింది. మర్నాడు పొద్దున పొరుగింటి పాపమ్మాళ్ భజన అడిగితే కత్తియుద్ధం మొదలైంది. ఆవిడ చెంపలు వేసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు రంగరాజన్ ఒక్కో డిస్కుకూ పుట్టుకతో వచ్చే పొడవాటి నంబరు ఉంటుందని కనిపెట్టి, ఏ నంబరుకు ఏ ఆకో పట్టీ రాసి పెట్టెలో పెట్టాడు. ఎవరు ముందు లేచినా ఇక వాళ్ళ చోటు వాళ్ళదే. ఆ నంబర్లు ఆయనకు కంఠతా వచ్చేశాయి. గోత్రం అడిగితే ఒక క్షణం ఆలోచిస్తాడు గానీ, డిస్కు నంబరు అడిగితే మధ్యలో ఊపిరి కూడా తీసుకోడు.

ఇంకోసారి ఒక డిస్కు రిపేరుకు వెళ్ళింది. మేనమామ, అదే తాయ్‌మామన్, రాలేదని ముహూర్తం ఆపినట్టు, పెట్టె దానికోసం పొద్దంతా కాచుకుని కూర్చుంది, టీవీ వెలగలేదు. రంగరాజన్ పట్టీలో ఇంకో మాట చేర్చాడు: రాకుంటే కాచుకోవద్దు, చోటు మాత్రం ఉంచు.

ఇక డిస్కు బయటికి వెళ్ళడం ఉంది చూడండి, అది పెద్ద తంతు. ముందు పెట్టెకు ఆజ్ఞ ఇవ్వాలి. తర్వాత మినుకుతున్న లైటు ఆగేదాకా చూడాలి. ఆగాక ఇంకో నిమిషం మర్యాదకు. అప్పుడు "సెరి" అంటాడు. ఈలోగా డిస్కు తెచ్చినవాళ్ళు రెండు గ్లాసుల కాఫీ తాగాలి.

అంత ఓపిక కాలనీలో ఒక్కరికే ఉండేది. ఆయన కరుప్పన్, మిల్లులో రంగరాజన్ తోటివాడు, రెండు వీధుల అవతల ఇల్లు. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే, కానీ వీళ్ళది వేరు తెలుగు, వాళ్ళది వేరు తెలుగు. కోపం వస్తే మాత్రం ఇద్దరిదీ అరవమే. ఇద్దరూ ఒకే రోజు ఒకే అంగడిలో ఒకే రకం నీలం డిస్కులు కొన్నారు. రంగరాజన్ కొన్నది సౌందరం సీరియలుకు పోయింది. కరుప్పన్ తన డిస్కు మీద పేరు రాసి అంటించి, తాను పాడే పాటలు అందులో దాచుకున్నాడు. ప్రతి ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని వచ్చేవాడు. లైటు గంటసేపు మినుకుతూనే ఉండేది. కరుప్పన్ కాఫీ తాగుతూ కదలకుండా కూర్చునేవాడు. పిచ్చి ఇద్దరికీ పట్టిందనుకుని సౌందరం మూడో గ్లాసు కూడా కలిపేది.

కరుప్పన్ పోయి రెండేళ్ళయింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన కూతురు పాండీశ్వరి ఆ నీలం డిస్కును కొంగులో చుట్టుకుని వచ్చింది. టైలరింగ్ చేస్తుంది, మాట కత్తెర లాగే ఉంటుంది. వెనకాల ఆమె అల్లుడు జీవా బండి దగ్గరే నిలబడిపోయాడు. ఈ జీవాయే రంగరాజన్‌కు 'టాటా తాత' అని పేరు పెట్టినవాడు.

"పెరియప్పా, ఆదివారం మా కూతురు ముత్తుసెల్వికి వళైకాప్పు, గాజులు తొడుగుతాము. కడుపులో బిడ్డకు గాజుల చప్పుడు వినిపించే ముందు మా అప్పా లాలిపాట వినిపించాలని అనుకుంటిమి. మా ఇంట్లో ప్రతి బిడ్డా ఆ పాటకే నిద్రపోయింది. ఆయనే లేడు, గొంతైనా ఉండాదనుకుంటిమి." ఆమె బండి దగ్గరి అల్లుడి వైపు చూసింది. "మాప్పిళ్ళై పాట ఎక్కించుకుంటా, లైటు మినుకుతా ఉండంగానే పీకేసినాడు. ఇప్పుడు డిస్కు మాట్లాడలే."

జీవా నేల చూశాడు. "ఒక్క సెకను తాత. తొందరలో..."

రంగరాజన్ డిస్కును పెట్టెకు తగిలించాడు. అది టిక్కు టిక్కుమని రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ దగ్గింది. సౌందరం మొగుడి వైపు చూసింది. చెప్పకుండా పీకినవాడు ఎదురుగా దొరికాడు. ఇక అర్ధగంట ఉపన్యాసం తప్పదనుకుని జీవా కోసం స్టూలు కూడా జరిపింది.

ఉపన్యాసం రాలేదు.

"కొంచం జ్వరం, అంతే" అన్నాడు రంగరాజన్. "వదిలిపెట్టి పో అమ్మా. ఆదివారం పొద్దున తెచ్చిస్తా."

"పాట ఉండాదా పెరియప్పా?"

"ఉండాది."

శనివారం సౌందరం పీళమేడులో చెల్లెలింటికి వెళ్ళి సాయంత్రానికి వచ్చింది. ఆదివారం పొద్దున రంగరాజన్ తెల్లపంచె కట్టి, నీలం డిస్కును చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఈయనను నమ్మి వాళ్ళు ముహూర్తం పెట్టుకున్నారే అని గొణుక్కుంటూ సౌందరం వెంట నడిచింది.

ముత్తుసెల్వి గాజుల పళ్ళెం ముందు కూర్చుంది. జీవా టీవీ పక్కన, ఉరిశిక్ష వినబోయేవాడిలా నిలబడ్డాడు. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళు ఏదైనా మరిచిపోతారని ఎవరికీ నమ్మకం లేదు. ఈ రోజు పాట రాకపోతే, తాత గొంతును అల్లుడు పీకేశాడన్న మాట ఆ బిడ్డ పెళ్ళి దాకా నడుస్తుంది. రంగరాజన్ డిస్కును టీవీకి తగిలించి, దాని వీపు మీద రెండు తట్లు తట్టాడు.

మొదట ఒక దగ్గు వచ్చింది. తర్వాత, "ఏమప్పా రంగరాజా, ఎక్కుతా ఉండాదా?" అని కరుప్పన్ గొంతు. తర్వాత పాట.

పాండీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్తుసెల్వి రెండు చేతులూ కడుపు మీద వేసుకుని, "తన్నుతా ఉండాదమ్మా" అని నవ్వింది. జీవా అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. అది పాటలో తాళంలా కలిసింది.

సౌందరం మాత్రం పాట వినడం లేదు. డిస్కు మూల మీద ఒక పసుపు బొట్టు కనబడింది ఆమెకు. ఆయుధ పూజకు డిస్కులన్నిటికీ తానే కుంకుమ పెట్టింది. అయిదో దాని దగ్గరికొచ్చేసరికి కుంకుమ అయిపోయి పసుపు పెట్టింది. అయిదోది ఆమెది. సీరియలుది. దాని మీద ఇప్పుడు కరుప్పన్ పేరు అంటించి ఉంది.

నోరు తెరవబోయింది. ఎదురుగా పాండీశ్వరి, అల్లుడి చేతిలో మొదటి గాజు పెట్టి, "నువ్వే వెయ్యి మాప్పిళ్ళై" అంటోంది. సౌందరం తెరిచిన నోటిలో ఒక లడ్డు పెట్టుకుంది.

నమిలేసరికి లెక్క తేలింది. ఆ ఆదివారాలు, ఆ గంటసేపు మినుకులు, ఆ మూడు గ్లాసుల కాఫీ.

విందయ్యాక జీవా డిస్కు తీయడానికి వంగాడు. చెయ్యి వైరు దాకా వెళ్ళి ఆగింది. లైటు వైపు చూశాడు. అది ఆగింది. ఇంకో నిమిషం కూడా ఆగాడు.

"తాత, తీయొచ్చునా?"

"సెరి" అన్నాడు రంగరాజన్.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

"ఏనుంగ" అని మొగుణ్ణి పిలిచింది సౌందరం. "వాళ్ళ డిస్కు ఏమాయె?"

"చచ్చిపోయింది. నా మేజా సొరుగులో ఉండాది."

"ఆ ఆదివారాలు పాటలు ఏంటికి తీసుకుంటిరి?"

"కరుప్పనే అడిగినాడు. ఒక నకలు నీ దగ్గర ఉండనీ, ఇంట్లో చెప్పొద్దు, ఏంటికని అడిగి భయపడతారు అన్నాడు."

"నకలు ఉండాదని పాండీశ్వరికి చెప్పి ఇంకో డిస్కులో ఇస్తే పోదా? నాదే దొరికిందా?"

"చెప్తే, పాత డిస్కు జీవా చేతిలో పోయినట్టు గదా. ఇప్పుడు దానికి జ్వరం వచ్చి తగ్గింది, అంతే. అచ్చం అట్లాంటిది నీదొక్కటే ఉండాది. నిండుగా ఉండాది, తుడిచేస్తి. నువ్వు చెల్లెలింట్లో ఉంటివి."

సౌందరం ఆగింది. ఆమె చూస్తూ ఆపిన మూడు వందల పన్నెండో భాగంలో ఆ సీరియలు కోడలు విషం కలిపిన పాయసం గిన్నె ముందు కూర్చుని ఉంది. నలభై రెండేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం ఇన్నాళ్ళకు దొరికింది.

"పోవచ్చు" అంది. "నేను వద్దనలే. చెప్పి పోవాల."

రంగరాజన్ మూడు కరెంటు స్తంభాల దూరం తల వంచుకుని నడిచాడు. నాలుగో స్తంభం దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"పాయసం ఆ పిల్ల తాగలే" అన్నాడు. "ఎక్కించినప్పుడు సరిగ్గా ఉండాదా లేదా అని అన్నీ చూస్తి. గిన్నె మార్చింది ఎవురో తెలుసునా? మామగారే."

"ఉండండి" అంది సౌందరం. "ఇంటికి పోయి కాఫీ కలిపినాక మొదలుపెట్టండి. ఇంకా ఎనభై ఎనిమిది భాగాలు ఉండాయి."