పోవుడు, రావుడు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో మా లెక్కల సారు కొట్టేవాడు. రెండు వాక్యాలు సమానమని చూపాలంటే మొదటి దాన్నుంచి రెండోది, రెండో దాన్నుంచి మొదటిది, రెండూ నిరూపించాలి. మేం ఒక్కటే రాసి ఊరుకుంటే ఆయన చెక్క స్కేలు తీసేవాడు. "పోవుడు చూపినవ్. రావుడేది?" అంటూ అరచేతి మీద ఒక్కటిచ్చేవాడు. ఇంజినీరింగ్ పూర్తిచేసిన మేం సిగ్గులేకుండా చేతులు చాచేవాళ్లం.

ఒకరోజు నా చెయ్యి చిట్లింది. స్కేలు లాక్కుని ఆయన నుదుటి మీద కొట్టాను. "ఇదిగోండి సార్, రావడం!" అని అరిచాను. కళ్లద్దాలు పగిలాయి. రక్తం కనుబొమ్మ మీదుగా కారి తెల్లచొక్కా తడిసిపోయింది.

మర్నాడు పంజాగుట్టలో వేయించుకున్న కుట్లతో, అదే స్కేలుతో వచ్చాడు. వరుసగా అందరినీ కొట్టాడు. నా నోటుబుక్కులోనూ సగం నిరూపణే ఉంది. చెయ్యి చాచాను. ఆయన నా మొహం చూడకుండా టిక్కు పెట్టి, "నీకు నాకు సమానమైంది. కూసో" అన్నాడు.

పరీక్ష దాకా నా తప్పులన్నిటికీ టిక్కులే పెట్టాడు. ఆ క్లాసులో అంత గట్టి దెబ్బ ఇంకెవరూ తినలేదు.