నీళ్లు తాగే రాయి

కర్నూలు కాలేజీలో నా బల్లమీద కాగితాలు ఎగరకుండా ఒక గుల్లరాయి పెట్టుకున్నాను. ఈ ఉదయం టీ తాగుతుంటే ఒక చుక్క దానిమీద పడింది. గుడ్డ అందుకునేలోపే రాయి ఆ చుక్కను తాగేసింది. తడిసిన రాతిపొడి వాసన సన్నగా ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే చాలు, సుబ్బన్న నా ఎదురుగా వచ్చి నిలబడతారు.

డిగ్రీలో సూక్ష్మజీవశాస్త్రం చదివి, వేరే ఉద్యోగమేదీ దొరక్క, కడప శివారులో ఆయన నడిపే బండల పాలిష్ ఫ్యాక్టరీలో బిల్లులు రాయడానికి చేరాను. కడప బండంటే సుబ్బన్నకు ప్రాణం. లారీ దిగిన ప్రతి బండమీదా వేలితో ఒక నీటిచుక్క వేసి, నడుముమీద చెయ్యి పెట్టుకుని చూసేవారు. చుక్క పైనే నిలిస్తే మంచి బండ. ఇంకిందంటే దాని మొహం మళ్లీ చూసేవారు కాదు. మనుషులనూ అదే పద్ధతిలో తేల్చేవారు. నేనేమో ఒక్క బిల్లు రాసేలోగా పది ప్రశ్నలు అడిగి, మధ్యలో లెక్క తప్పేదాన్ని. "నువ్వు నీళ్లు తాగే రాయివి ప్రమీలా! ఎంత జెప్పినా లోపలికి పోతాండాది గానీ, బిల్లు మాత్రం బయటికి రాదు" అని యార్డంతా వినపడేలా అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆయన తల్లి లచ్చమ్మవ్వకు సముద్రం చూడాలని కోరిక. మోకాళ్లు పనిచెయ్యక ఆమె గుమ్మం దాటలేదు. దాంతో సుబ్బన్న సముద్రాన్నే ఇంటికి తెస్తానన్నారు. హాల్లో పెద్ద అద్దాల తొట్టి పెట్టించి, ఉప్పునీళ్లు కలిపించి, నారింజరంగు మీద తెల్లచారలున్న మూడు చేపలను చెన్నై నుంచి తెప్పించారు. అవి ఒకదాన్నొకటి తరుముకోవడం చూసి అవ్వ వాటికి తన ముగ్గురు తోడికోడళ్ల పేర్లు పెట్టింది.

తొట్టి కింద నీళ్లను శుభ్రంచేసే పెట్టె ఒకటుంది. అందులో నింపడానికి దుకాణంవాళ్లు మూడు రకాల సరుకు పంపారు: ప్లాస్టిక్ బంతులు, మట్టి గొట్టాలు, సముద్రపు గుల్లరాళ్లు. సుబ్బన్న మూడింటినీ వరసగా పెట్టి తన పరీక్ష మొదలుపెట్టారు. బంతిని చూసి, "ఇది రాయే గాదు" అన్నారు. గొట్టం చుక్కను తాగింది. గుల్లరాయి ఇంకా ఆత్రంగా తాగింది.

"వీళ్లు మనల్ని ఎర్రోళ్లను జేస్తాండారు. ఇంత నాసిరకం రాయి మన చేపలకా?" అని మూడింటినీ పక్కకు నెట్టేసి, పెట్టెనిండా తన ఫ్యాక్టరీలో మెరుగుపెట్టిన కడపరాతి ముక్కలు పేర్పించారు.

"అన్నా, చేపల మురికిని తినే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి ఆ గుల్లరాళ్ల సన్నటి చిల్లుల్లోనే కాపురముంటాయి. నున్నటి రాయిమీద వాటికి చోటు చాలదు" అన్నాను.

"కాపురాలుండనీకి ఇదేమన్నా కాలనీనా? నువ్వు పోయి బిల్లులు జూసుకో."

వారం తిరగకుండానే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున పెద్ద తోడికోడలు వెల్లకిలా తేలింది. అవ్వ అన్నం పళ్లెం పక్కకు నెట్టేసింది. "బతికినన్నాళ్లూ నన్ను ఏడిపిచ్చింది. ఇట్ల గూడా ఏడిపిస్తాందిరా!" అని నిజంగానే ఏడ్చింది.

సుబ్బన్న నేరుగా ఫ్యాక్టరీకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. "ప్రమీలా, ఆ కాపురాల సంగతి ఇంకోసారి జెప్పు."

చెప్పాను. ఆయన ప్రశ్నమీద ప్రశ్న వేశారు, అచ్చం నాలాగే. చివరికి, "అయితే నేను ఇన్నేండ్లు యాదాన్ని తప్పని పారేసినానో, ఈడ అదే కావల్లనా?" అని తల పట్టుకున్నారు.

తీరా చూస్తే గొట్టాలను ఆయనే వాకిట్లో గుంత పూడ్చడానికి వాడేశారు. గుల్లరాళ్ల సంచి అవ్వ మంచం కింద ఉంది. అందులోంచి ఒకటి తీసుకుని ఆమె రోజూ స్నానానికి ముందు మడమలు రుద్దుకుంటోంది.

"ఇయ్యను. నా మడమలు ఇప్పుడిప్పుడే నున్నగైతాండాయి."

"అమ్మా, నీ తోడికోడళ్లు సచ్చిపోతారే!"

అవ్వ రుద్దుకునే రాయిని ఒళ్లో దాచుకుంది. "చిన్నది మంచిదిలే పాపం. తీస్కపో. నేను రుద్దుకునేది మాత్రం నాది."

సూక్ష్మజీవులు స్థిరపడేదాకా రోజూ కొంత నీళ్లు తీసి కొత్తవి పోశాం. సుబ్బన్న ఇల్లు అద్దెకిచ్చినవాడిలా పెట్టె ముందు కూర్చుని, "దిగినారా?" అని నన్ను అడిగేవారు. "ఇంకా లేదన్నా." చివరికి ఒకరోజు పరీక్షలో నీళ్లలో ఆ మురికి విషం లేదని తేలింది. మిగిలిన రెండు చేపలూ మళ్లీ తరుముకోవడం మొదలుపెట్టాయి. అవ్వ తొట్టి వైపు చూసి, "సముద్రమంటే ఇంతేనా?" అంది. అన్నదేగానీ, ఆ కుర్చీలోంచి సాయంత్రందాకా లేవలేదు.

మరుసటి వారం సుబ్బన్న అందరి ముందూ నన్ను పిలిచారు. "రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు."

మా ఇంట్లో నాది తప్ప వేరే జీతం లేదు.

"బిల్లులు రాసేదానికి నున్నటి రాయి సాలు. నువ్వు తాగే రాయివి. ఈడ ఎండిపోతావు. పైసదువుకు పో. నువ్వు సదివినన్నాళ్లూ మీ ఇంటికి జీతం పంపిచ్చేది నా పని."

అదే మాటకు అంతకుముందు ఎంత మండిపడ్డానో, ఆరోజు అంతకంత ఏడ్చాను. వెళ్లేముందు అవ్వ మంచం దగ్గరికి పిలిచి, తను రుద్దుకునే రాయిని నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నిన్న మా కాలేజీ ల్యాబులో చేరతామని ఇద్దరు వచ్చారు. మొదటి అబ్బాయి అన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పాడు. తర్వాత వచ్చిన అమ్మాయి ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేదు, ఎదురు నన్నే ప్రశ్నలడిగింది. ఎవరిని తీసుకోవాలో రాత్రంతా తేలలేదు. ఈ ఉదయం టీచుక్క ఇంకిపోయాక ఆ అమ్మాయికి ఫోన్ చేసి, రేపట్నుంచి రమ్మన్నాను.