దిమ్మ వద్దన్న మనిషి

హోటల్లో ఆమెను అందరూ గిన్నెలక్క అనేవారు. ఇంటికొచ్చినా ఆ పేరు పోలేదు. ఆమెకు కోపం రాని రోజు ఒకటి ఉండే ఉంటుంది. చూసినవాళ్లు లేరు.

పదకొండేళ్లు ఆమె చేత్తోనే గిన్నెలు తోమింది. వేడినీళ్లు, సబ్బుపొడి, పీచు. వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడేది, తర్వాత పగిలేది, తర్వాత చీము పట్టేది. నిమ్మకాయ పిండాలంటే ప్రాణం మీదికొచ్చేది. చేతులు నీళ్లలో పెట్టొద్దన్నాడు డాక్టరు. "అయితే నా బదులు మీరొచ్చి తోమండి" అని లేచి వచ్చేసింది.

పన్నెండో ఏట హోటల్‌కి గిన్నెలు కడిగే మెషిన్ వచ్చింది. బరువైన స్టీలు పెట్టె. ప్లేట్లు ట్రేలో పేర్చి లోపలికి తోసి తలుపు మూస్తే రెండు నిమిషాల్లో కడిగేసేది. రెండు నెలలకు ఆమె చేతులు అందరి చేతుల్లా అయ్యాయి. ఆ రోజుల్లో ఆమె పని లేనప్పుడల్లా చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకునేది.

ఒక్కటే బాధ. మెషిన్‌ను మోకాలెత్తు సిమెంటు దిమ్మ మీద పెట్టారు. ఆమె పొట్టి మనిషి. నిండు ట్రేను రొమ్ములదాకా ఎత్తి లోపలికి తోయాలి. ఎనిమిదేళ్లు తోసింది. కుడి భుజం పటుక్కుమనడం మొదలుపెట్టింది. దిమ్మ కట్టినవాణ్ని తిట్టేది, కట్టించినవాణ్ని తిట్టేది. కాలి బొటనవేలు తగిలిన రోజున దిమ్మనే తిట్టేది.

హోటల్ మూసేశారు. ఎవరికి కావలసిన సామాను వాళ్లు పట్టుకెళ్లమన్నాడు యజమాని. వంటవాడు ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. గిన్నెలక్క మెషిన్ మీద చెయ్యి వేసి, ఎవరైనా మాట్లాడతారేమో అన్నట్టు చుట్టూ చూసింది. ఎవరూ మాట్లాడలేదు.

కోడలు ఇంట్లోనే వండి నలభై మందికి ఆఫీసులకు భోజనం డబ్బాలు పంపుతుంది. ఆ డబ్బాలకోసమే మెషిన్. గిన్నెలక్క తమ్ముడు తాపీమేస్త్రీ. నలుగురిని పెట్టి మెషిన్ మోయించి వంటింటి మూలకు చేర్చాడు.

"అక్కా, కింద దిమ్మ కట్టనా?"

"దిమ్మ మాట మళ్లీ ఎత్తావంటే ఆ తాపీ నీ నెత్తిన విరుగుతుంది."

"అడిగానంతే. ఇల్లు నీది, నెత్తి నాది."

మెషిన్ నేలమీదే కూర్చుంది. దాని అడుగునుంచి ఒక గొట్టం తీసి, సింకు నీళ్లు పోయే పైపుకు కలిపాడు తమ్ముడు. ఆ పైపు మూతి గోడలో, నేలకు జానెడున్నర ఎత్తున ఉంది.

మొదటిరోజు డబ్బాలు తళతళలాడుతూ వచ్చాయి. కడగడం అయ్యాక గిన్నెలక్క లోపలి బిరడా పీకింది. నీళ్లు కొంచెం దిగాయి. ఆగిపోయాయి. నాలుగు వేళ్ల లోతున జిడ్డునీళ్లు కదలకుండా నిలబడ్డాయి.

కొంచెం దిగడమే అందర్నీ తప్పుదారి పట్టించింది. ఏదో అడ్డుపడిందన్నారు. లోపలి జల్లెడ తీసి కడిగారు. మెతుకులు లేవు. గొట్టం విప్పి తీగ దూర్చారు. తీగ శుభ్రంగా అటువైపు వచ్చింది. సింకులో బకెట్ నీళ్లు గుమ్మరిస్తే గటగటా తాగేసింది. లావు గొట్టం తెచ్చి మార్చాడు తమ్ముడు. మళ్లీ అవే నాలుగు వేళ్లు.

"ఇళ్లు కట్టావు, వంతెనకి పనిచేశావు, ఒక బకెట్ నీళ్లు బయటికి పంపలేవు!"

"వంతెన కింద నీళ్లు వాటంతటవే పోతాయక్కా. నా గొప్పేం లేదు."

"నవ్వకు. నవ్వితే ఒళ్లు మండుతుంది."

అయిదో రోజున మెకానిక్ వచ్చాడు. ఇళ్లలో వాడే చిన్న మెషిన్లు బాగుచేసేవాడు. గిన్నెలక్క చెప్పబోతే వినకుండా తమ్ముడి వైపు తిరిగి, "ఏం జరిగింది సార్?" అన్నాడు. తమ్ముడు అక్కను చూపించాడు. మెకానిక్ మళ్లీ తమ్ముణ్నే చూశాడు. నేలమీద పడుకుని టార్చి వేసి చూసి లేచాడు.

"పంపు పోయింది సార్."

"ఏ పంపు?" అంది గిన్నెలక్క.

"మురికినీళ్లు బయటికి తోసే పంపు, అమ్మా. మీకు తెలీదులెండి."

"ఎక్కడుందో చూపించు."

"లోపలెక్కడో ఉంటుంది."

"ఎనిమిదేళ్లు దీంతో కాపురం చేశాను. దీని పేగులన్నీ నాకు తెలుసు. కడిగే పంపు ఒక్కటే ఉంది, అది కడుగుతోంది. నీళ్లు తోసే పంపు దీనికి పుట్టుకతోనే లేదు. లేని పంపు ఎలా పోయిందయ్యా?"

మెకానిక్ టార్చి జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడు గుమ్మం దాకా సాగనంపి, నవ్వు ఆపుకోలేక వీధిలోనే కాసేపు ఉండిపోయాడు.

గెలిచింది గిన్నెలక్క. నీళ్లు మాత్రం దిగలేదు. వంటిల్లు కంపు కొట్టసాగింది. కోడలు రోజూ చెంబుతో ఆ నీళ్లు తోడి పోసేది; తెల్లారేసరికి సింకు నీళ్లు గొట్టంలోంచి మళ్లీ లోపలికి చేరేవి. నలభై డబ్బాలు, వాటి మూతలు, వండిన గిన్నెలు ఒక్కతే తోమేది. అత్తను సింకు దగ్గరికి రానివ్వలేదు.

ఏడో రోజు సాయంత్రం కోడలు తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"అత్తయ్యా, పాత ఇనుము అతనికి రేపు పొద్దున రమ్మని చెప్పాను."

"నన్నడగకుండానా?"

"అడిగితే తిడతారు. అడక్కపోయినా తిడతారు. అందుకని చెప్పేశాను. ఇంతుంది అది, నాకు కాలు తీసి కాలు పెట్టే చోటు లేదు."

గిన్నెలక్క నోరు తెరిచింది. అప్పుడు తువ్వాలు పక్కకు జరిగింది. కోడలి వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ఉంది. ఉంగరం వేలి మొదట్లో ఎర్రటి గీత.

ఆమె నోరు మూసుకుంది. కోడలికి భయం వేసింది.

మర్నాడు పొద్దున కోడలు కూరగాయలకు వెళ్లాక, గిన్నెలక్క మెషిన్ ముందు నిలబడింది. దాన్ని తిట్టింది. తెచ్చుకున్నందుకు తనను తిట్టుకుంది. హోటల్ మూసినవాణ్ని, టార్చివాణ్ని, తమ్ముణ్ని వరసగా తిట్టింది. తిట్టడానికి ఎవరూ మిగలక గొట్టం పట్టుకుని గోడలోంచి లాగిపారేసింది.

గొట్టం మూతి నేలమీద పడింది. నల్లటి నీళ్లు బుడుంగుమని దూకాయి. ఆమె పాదాలు తడిపి, పొయ్యి కిందికి పారాయి.

ఆమె ఆ నీళ్లనే చూసింది. తర్వాత వంగి మూతి పట్టుకుని గోడ పైపు ఎత్తుకు లేపింది. నీళ్లు ఆగాయి. దించింది. పారాయి. లేపింది. ఆగాయి.

హోటల్లో బిరడా పీకితే నీళ్లు ఒక్క గుటకలో పోయేవి. మెషిన్ పైనుండేది, మురుగు పైపు కిందుండేది. మధ్యన దిమ్మ ఉండేది. రోజూ ఆమె తిట్టిన దిమ్మ.

తమ్ముడు వచ్చేసరికి ఆమె తడినేల మీద చతికిలబడి ఉంది.

"ఏంటక్కా, జారిపడ్డావా?"

"దిమ్మ కట్టు."

"ఏంటీ?"

"చెవుల్లో సిమెంటు పోసుకున్నావా? దిమ్మ. మోకాలెత్తు. ఇవాళే."

"వద్దన్నావుగా."

"అన్నాను."

"తాపీ నెత్తిన విరుగుతుందన్నావు."

"అన్నాన్రా. వారం నుంచి నిన్ను తిట్టిన తిట్లన్నీ నావి. ఏం, కాగితం మీద రాసిమ్మంటావా?"

తమ్ముడు గొట్టాన్ని, గోడను, మెషిన్‌ను చూశాడు. మెల్లగా నుదురు కొట్టుకున్నాడు. "నేనెందుకు చూడలేదు? మేస్త్రీని కదా. వాలు చూడ్డమే నా పని."

"నేను చూడనిచ్చానా?"

వీధిలో బండి హారన్ మోగింది. పాత ఇనుము అతను. గిన్నెలక్క తడిచీరతోనే గుమ్మంలోకి వెళ్లింది. ఆమె ఏం అన్నదో వినబడలేదు కానీ బండి తిప్పుకోకుండానే వెనక్కి వెనక్కి వెళ్లిపోయింది.

దిమ్మ ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ డబ్బాలు తోమింది తమ్ముడు. అడిగినవాళ్లకు సిమెంటుకంటే సబ్బు నయమని చెప్పాడు.

అయిదో రోజు మెషిన్ పైకెక్కింది. దాని ముందు, నేలమీద, ఇంకో దిమ్మ ఉంది. చిన్నది. జానెడెత్తు, రెండు పాదాలు పట్టేంత.

"ఇదేంటి?"

"నీకు. ఎక్కి నిలబడితే భుజం ఎత్తక్కర్లేదు."

"నేను పొట్టిదాన్నని ఇంటికొచ్చినవాళ్లందరికీ చాటాలా?"

"అందరికీ తెలుసక్కా."

కోడలు పొయ్యి వైపు తిరిగి నవ్వుకుంది. గిన్నెలక్క ఇద్దర్నీ తిట్టి, చిన్న దిమ్మ ఎక్కింది. ట్రే తోసి తలుపు మూసింది. రెండు నిమిషాలు ముగ్గురూ ఆ తలుపునే చూశారు. తలుపు తీసి బిరడా పీకింది.

నీళ్లు ఒక్క గుటకలో పోయాయి.

కోడలు సింకులో పడి ఉన్న గరిటె తోమడానికి చెయ్యి చాపింది.

"ముట్టుకోకు" అని అరిచింది గిన్నెలక్క. "దాన్నీ ఇందులో పడెయ్."