గోడకు తిప్పిన అల్మార

మా ఊరి గ్రంథాలయంల ఉన్న ఉర్దూ అల్మార ముఖాన్ని గోడకు తిప్పించి, అందులోని పుస్తకాలు ఎవ్వరి చేతికి అందకుండ చేసింది నేను. అధికారి హుకుం లేదు, పంచాయతి తీర్మానం లేదు. ఒకరు అడిగితే, తిప్పండి ఏం కాదు అని నా నోటితోనే చెప్పి, ఒక మూల నేను కూడ పట్టుకొని తిప్పిన.

ఈ మాట ముందుగాలనే రాసిపెడుతున్న. ఎందుకంటే నా గుణం నాకు తెలుసు. కథ మొదటి నుంచి మొదలుపెడితే, ఆఖరుకు వచ్చేసరికి తప్పును అందరికి తలా ఇంత పంచి, నా వంతుకు చిటికెడు మిగుల్చుకుంట. నా బుద్ధి ఎప్పుడూ అట్లనే పనిచేసింది. డెబ్బై దాటినంక కూడ అది మారలేదు.

మాది శామీర్‌పేట దిక్కు ఒక ఊరు. ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్ల హద్దు రాళ్లు, వెంచర్ల కమాన్లు. నా వయసుల ఇక్కడంత ద్రాక్ష తోటలు. నేను బడి మొఖం చూడలేదు. మీసాలు రాకముందే తోట పనికి కుదిరిన. పందిరికి తీగెలు కట్టుడు, మందు కొట్టుడు, గుత్తులు కోసి పెట్టెల్ల పేర్చుడు, ఇదే నా చదువు. అక్షరాలు నేర్చింది మాత్రం ఒక కిరాణం దుకాణంల.

దుకాణం ఒక ముస్లిం పెద్దమనిషిది. మేమంత ఆయనను సేటు అనేటోళ్లం. ఉప్పు, చాపత్త, పుట్నాలు ఏది అడిగినా పాత తెలుగు పేపరుల పొట్లం కట్టి, దారం చుట్టి, చేతికియ్యకుండ పట్టుకునేటోడు. పొట్లం మీదికి వచ్చిన పెద్దక్షరాల మీద వేలు పెట్టి, ఇది సదివి తీస్కపో అనేటోడు. సదవకుంటే ఇయ్యడా అంటే ఇస్తడు. కాకపోతే వెనక నిలబడ్డోళ్లందరి పని అయ్యేదాక ఇయ్యడు. ఇంట్ల మా అవ్వ చాయకు నీళ్లు పెట్టుకొని నన్ను తిట్టుకుంట కూసునేది. ఆ తిట్లకు భయపడి మొదలు ‘అ’ నేర్చిన, తర్వాత ‘ఎ’, ఒక ఏడాదికి పొట్లం మీద సగం తెగిన వార్త చదివి, మిగిలిన సగం యాడుంది సేటూ అని అడిగే కాడికి వచ్చిన. ఆయన నవ్వి, అది ఇంకొకరి ఉప్పుకు పోయింది, పోయి వాళ్లింట్ల అడుగు అన్నడు. నిజంగనే పోయి అడిగిన. 

అట్ల మొదలైనోణ్ని, మా గ్రంథాలయంల ఉన్న తెలుగు పుస్తకం ఒక్కటి విడవలేదు. పశువైద్యం చదివిన, పురాణాలు చదివిన, చట్టాల పుస్తకం చదివి పట్వారీతోని కొట్లాటకు పోయిన. ఊళ్లె ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వచ్చెటోళ్లు. ‘ఆయన సదవని పుస్తకం లేదు’ అనే పేరు ఒకటి వచ్చింది. ఆ పేరును నేను పాలివ్వని బర్రెను మేపినట్టు మేపిన.

సేటు దుకాణంల గల్లా పక్కనే ఒక టేకు అల్మార ఉండేది. నిండ ఉర్దూ పుస్తకాలు. గిరాకి లేనప్పుడు అవే చదువుకునేటోడు. నాకు తెలుగు పట్టువడ్డంక ఒకసారి, ఉర్దూ గూడ నేర్సుకోరాదు, నీకైతే నెల దినాల పని అన్నడు. ఈ కోతలు అయినంక వస్త సేటూ అన్న. కోతలు అయినయి, మళ్ల కోతలు వచ్చినయి, ఆఖరుకు తోటలే పోయినయి. నేను పోలేదు. దుకాణం మూసినప్పుడు ఆయన ఆ అల్మారను పుస్తకాలతో సహా గ్రంథాలయానికి ఇచ్చిండు. ఇంట్ల ఉంటే దీంట్ల బట్టలు పెడ్తరు, పుస్తకాలు అటకెక్కుతయి అన్నడు. ఆ తర్వాత రెండు మూడేండ్లకు పోయిండు.

ఆయన బిడ్డ నాకన్న నాలుగైదేండ్లు చిన్నది. నన్ను అన్న అంటది, నేను చెల్లె అంట. ఊళ్లెనే మేనరికం ఇచ్చిన్రు. ఏడో తరగతి దాక ఉర్దూ బడిల చదివింది. తెలుగు మనలెక్కనే మాట్లాడుతది గని అక్షరాలు రావు. మధ్యాహ్నం పూట, మొగోళ్లు అన్నాలకు పోయిన యాళ్ల, బట్ట సంచి పట్టుకొని గ్రంథాలయానికి వచ్చేది. సంచిల ఉన్న పుస్తకం అల్మారల పెట్టి, ఇంకోటి తీసుకొని పోయేది. రిజిస్టరుల ఎక్కించుడు లేదు. వాళ్ల నాయిన పుస్తకాలకు ఆమెతోని సంతకం ఏం పెట్టించుకుంట. భర్త పోయినంక ఇంకా తరచుగ వచ్చేది. ఊరు మొత్తంల ఆ అల్మార తెరిచే మనిషి ఆమె ఒక్కతే.

గ్రంథాలయం అంటే గొప్పగ అనుకునేరు. ఒకటే పెద్ద అర్ర. లైబ్రేరియన్ సారుకు మూడు ఊర్లు, ఎప్పుడన్న వచ్చి పోతడు. తాళంచెవి నా దగ్గర. గోడలకు చెమ్మ, మూలకు కాళ్లిరిగిన కుర్చీలు, మీద ‘నిశ్శబ్దము పాటించుడి’ అని బోర్డు. మాట్లాడెటందుకు మనిషే రాని చోట ఆ బోర్డు ఎవరికి చెప్తున్నదో నాకు ఇప్పటికి తెల్వదు. పిల్లలు చదువుతలేరు, ఫోన్లు పట్టుకున్నరు అని మైకుల ముందర బాధపడెటోళ్లను చాలమందిని చూసిన. ఒక్క బల్బు మార్పియ్యమని నేను రాసిన దరఖాస్తులు మాత్రం ఎవ్వరు చదివినట్టు లేదు.

రెండేండ్ల కింద కొంపల్లి విల్లాల నుంచి ఒకామె వచ్చింది. కోస్తా దిక్కు వాళ్లు, ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆదివారం ఆదివారం పిల్లలతోని కథలు చదివించాలని ఆమెకు ఆశ. ఇంకో ఇద్దరిని వెంట తెచ్చుకుంది. నేను ముందు గుర్రుగనే చూసిన. ఫోటో దిగి పోతరు అనుకున్న. కాని ఆమె వచ్చిన దినమే చీపురు అడిగింది. ఊడ్చుకుంట ఊడ్చుకుంట, ఇంత మంచి కిటికీ పెట్టుకుని దానికి అడ్డంగా కుర్చీలు పేర్చారేంటి సార్ అన్నది. నన్ను జన్మల ఎవ్వరు సార్ అనలేదు. ఆ ఒక్క మాటకు నేను వంగిపోయిన.

పైసలు లేవు. ఉన్నదాంతోనే చేద్దామన్నది. విరిగిన కుర్చీలు తీసేస్తే కిటికీ బయటపడ్డది, అర్రల సగం చీకటి పోయింది. దూలపల్లి కంపెనీలల్ల సామాను దించినంక పారేసే చెక్క చట్రాలు ట్రాలీల తెచ్చి, గీరి, బెంచీలు చేసినం. విల్లాల రంగులు వేసినంక డబ్బాల అడుగున మిగిలినయి ఏరుకొచ్చి ఒక్కో గోడకు ఒక్కో రంగు వేసినం. పాత చీరలు బొంతలు కుట్టించి కింద పరిచినం. పైన దుమ్ము పట్టిన పిల్లల పుస్తకాలు కింది అరలకు, పిల్లగాళ్ల చెయ్యి అందేటట్టు దించినం. ‘నిశ్శబ్దము’ బోర్డును నేనే పీకి, తిప్పి, వెనక ‘గట్టిగ చదువుకోవచ్చు’ అని రాసిన. అప్పటిదాక చేసిన పనులకు నాకు ఇప్పటికి సంతోషమే.

పిల్లలు గీసుకునేటందుకు ఒక పెద్ద బోర్డు కావాల్సి వచ్చింది. కొనే స్తోమత లేదు. ఆమె అటిటు చూసి, అల్మార వెనక సందుల చెయ్యి పెట్టి నిమిరింది. టేకు పలక, మనిషెత్తు, నున్నగ ఉంటది. నల్లరంగు వేస్తే అసలు సిసలు బోర్డు.

“సార్, ఇందులో ఏం పుస్తకాలున్నాయండీ? ఎవరైనా చదువుతారా?” అన్నది.

ఏం పుస్తకాలున్నయో నాకు తెల్వదు. ముప్పయ్యేండ్లు దాని పక్కన కూసున్న, ఒక్క పుస్తకం పేరు చదవరాదు. తెల్వదు తల్లీ, నాకు ఉర్దూ రాదు అంటే అయిపోయేది. కాని వెనక ఇద్దరు చదువుకున్నోళ్లు నిలబడి నా దిక్కే చూస్తున్నరు. అంత సేపు ఈ గ్రంథాలయంల నేను చదవని పుస్తకం లేదని వాళ్లకు చెప్తనే ఉన్న.

“పాతయి. ఎవ్వరు సదవరు” అన్న. 

ఆ మాట అన్నప్పుడు చెల్లె యాదికి రాలేదా అని ఎవరన్న అడుగుతే, రాలేదని చెప్పాలని ఉంటది. వచ్చింది. బట్ట సంచితో సహా యాదికి వచ్చింది. అయినా అన్న. తర్వాత నలుగురం తలా ఒక మూల పట్టి దాని ముఖాన్ని గోడకు ఆనించినం. 

అర్రల పని నడిచినన్ని దినాలు చెల్లె ఇటు రాలేదు. ఎండకాలం సెలవులు వచ్చినయి. పిల్లలతోని అర్ర కిటకిటలాడుతుండె. ఒక దినం మధ్యాహ్నం చెక్క బెంచీ మీద కూసొని పేపరు చదువుతున్న. ఐదారుగురు పిల్లలు నల్ల పలక మీద లారీ బొమ్మ గీస్తున్నరు, చక్రాలు ఆరా పదా అని కొట్లాట. తలుపు కాడ చెప్పులు విడిచిన సప్పుడైంది. చెల్లె. సంచి భుజానికి ఉన్నది. అల్మార ముఖం ఉండాల్సిన కాడ లేదు. గోడలు చూసింది, బొంతలు చూసింది, రంగులు చూసి కొంచెం నవ్వినట్టు కూడ అయింది. తర్వాత ఆమె చూపు పిల్లలు గీస్తున్న పలక కింద ఆగింది. వాళ్ల నాయిన అల్మారకు చెక్కించిన గుండ్రటి కాళ్లు నాలుగు, వాటికి మాత్రం నల్లరంగు వేయలేదు.

నేను పేపరు ఎత్తి మొఖానికి అడ్డం పెట్టుకున్న. 

పేపరు అంచు కిందికెళ్లి ఆమె పాదాలు కనబడుతున్నయి. కొద్దిసేపు ఉన్నయి. తర్వాత లేవు. ఆ పేజీల ఏం వార్త ఉందో ఇప్పుడు చెప్పమంటే ఒక్క ముక్క చెప్పలేను. పొట్లం కాయితం కూడ విడవకుండ చదివినోణ్ని.

ఆ తర్వాత ఆమె రాలేదు. సంచిలకెళ్లి తిరిగి పెట్టాల్సిన పుస్తకం ఆమె దగ్గరనే ఉండిపోయింది. రెండు కొట్టంగనే నా చూపు తలుపు మీదికి పోయేది. వాళ్ల గల్లీ దాక మూడుసార్లు పోయిన. మూడుసార్లు మూల మీద ఉల్లిగడ్డలు కొనుక్కొని మళ్లొచ్చిన. ఇంట్ల మా ఆమె, ఉల్లిగడ్డల యాపారం పెడ్తున్నవా ఏంది అని అడిగింది. 

ఆఖరుకు ఒక ఆదివారం కొంపల్లి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె కోపానికి వస్తే బాగుండు. రాలేదు. మీరు ఎవరూ చదవరన్నారు కదండీ అని మెల్లగ అన్నది. అవునమ్మా, అబద్ధం చెప్పిన అన్న. ఆ దినం నుంచి నన్ను సార్ అంటలేదు, తాతగారూ అంటున్నది. అది ఎక్కువో తక్కువో నేను అడగలేదు.

ఆమె టేపు పెట్టి కొలిచి, అల్మారను గోడ కాడ నుంచి అర్ర నడుమకు జరిపించింది. వెనక దిక్కు పిల్లల బోర్డు అట్లనే ఉన్నది. ముఖం దిక్కు కిటికీకి ఎదురయింది. కిటికీకి, అల్మారకు నడుమ ఒక చెక్క కుర్చీ వేస్తే, పెద్దోళ్లు నెమ్మదిగ కూసొని చదువుకునే చిన్న అర్ర లెక్క అయింది. పది నిమిషాల పని. నయా పైస ఖర్చు లేదు. మొదటి దినమే నేను నిజం చెప్పి ఉంటే మొదటి దినమే అయ్యేది. తలుపులు తీసి, పుస్తకాలన్ని ఒక్కొక్కటి బట్టతోని తుడిచి మళ్ల వరుసగ నిలబెట్టిన. రెండు దినాలు పట్టింది. ఎవ్వరిని సాయం పట్టనియ్యలేదు.

అప్పుడు చెల్లెకు ఉత్తరం రాసిన. ఊరందరి దరఖాస్తులు రాసినోణ్ని, ఆ ఒక్క కాయితానికి నాలుగుసార్లు చింపి రాసిన. అల్మార తిప్పింది నేనే అని రాసిన. ఉర్దూ రాదని చెప్పుకోలేక అబద్ధమాడిన అని రాసిన. వాళ్ల నాయిన పొట్లాల సంగతి, నేర్చుకుంటనని చెప్పి పోకపోయిన సంగతి రాసిన. ఇప్పుడు అల్మార నడుమకు వచ్చింది, కిటికీ కాడ కుర్చీ వేసిన, నువ్వు రావాలె అని రాసిన. కాయితం రెండు దిక్కుల నిండింది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు గనుక, ఆదివారం బిడ్డను దించిపోయేటందుకు వచ్చే ఆమె కోడలి చేతికిచ్చి, చదివి వినిపించు తల్లీ అన్న.

ఒక ఆదివారం పోయింది. రెండో ఆదివారం కోడలు అల్మార ముందు నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకుంట పోయింది. ఎందుకో నాకు సమజ్ కాలేదు. జవాబు లేదు. మూడో ఆదివారం ఆమె నా చేతుల మడిచిన కాయితం పెట్టి, అత్తమ్మ చెప్తాంటే రాసిన, నా మాట ఒక్కటి లేదు దీంట్ల అని చెప్పి, బిడ్డ చెయ్యి పట్టుకొని ఆగకుండ పోయింది. కిటికీ కాడి కుర్చీల కూసొని విప్పిన. ఇది దాంట్ల ఉన్నది:

“అన్నా, సలాం. నీ కాయితం కోడలు మూడుసార్లు సదివి ఇనిపిచ్చింది. అల్మార తిప్పినవని రాసినవు. గది నాకు ఎరుకే, వచ్చి సూసిన గద. పోరగాండ్లు దాని మీద గీసుకుంటాన్రు, గీసుకోని. మా అబ్బా ఉంటే ఆయినే చాక్‌పీసు తెచ్చిచ్చెటోడు. ఉర్దూ రాకపాయె, అది గూడ ఊళ్లె అందరికి తెలిసిందే, నువ్వొక్కనివే దాచుకుంటున్నవు. పుస్తకాలు సగం తలకిందులు నిలబెట్టినవంట, మస్తు నవ్వుకున్నం. గివన్ని సరే. ఆ దినం నేను తలుపుల నిలబడ్డప్పుడు నువ్వు నన్ను సూసినవు. సూసినంకనే పేపరు మొఖానికి అడ్డం పెట్టుకున్నవు. కాయితం రెండు దిక్కుల నింపినవు గని గా ఒక్క ముచ్చట యాడ లేదు. మూడుసార్లు గందుకే సదివిచ్చిన. అది రాసి పంపు. పంపినంక వస్త, తలకిందులున్నయి నేనే సక్కగ పెట్టుకుంట.”