రెండో సీసాలో యాసిడ్

ప్రయోగశాలలో అందరూ ఆవిడను కషాయమ్మ అంటారు. అనరూ మరి! చెరువుల నుంచి వచ్చే గోధుమరంగు నీళ్ళను కిటికీ వెలుగులో పెట్టి, లోకం మరిచి చూస్తూ కూర్చుంటుంది. కుళ్ళిన ఆకులు, వేళ్ళు నీళ్ళలో కరిగితే ఆ రంగు వస్తుంది. ఆ ఆకురసం నీళ్ళలోని రాగిని పట్టుకుందంటే ఇక వదలదు. పట్టుబడ్డ రాగి చేపల జోలికి పెద్దగా పోదు. విడిగా తిరిగే రాగే వాటి ప్రాణం తీస్తుంది. ఆ విడి రాగి ఎంతో తేల్చడమే ఇరవై రెండేళ్ళుగా కషాయమ్మ పని. రాలిపోయిన ఆకులు ఇంకా ఎవరినో కాపాడుతున్నాయని ఆవిడకు అనిపిస్తూంటుంది. చెబితే నవ్వుతారని చెప్పదు.

ఆ వారం వచ్చినవి సొంత అన్న చేపలు పెంచే చెరువు నీళ్ళు. విడి రాగి హద్దు దాటిందని తేలింది. సోమవారం నుంచి అక్కడ చేపలు పెంచకూడదని ఉత్తరం తయారైంది.

"నాకు ఇంకో పని చేతకాదు కదే చెల్లీ" అన్నాడు అన్న ఫోనులో. ఆవిడ ఫోను పెట్టేసి ఆ అంకెనే మళ్ళీ చూసుకుంది. అంకె తనదేనాయె!

శనివారం పొద్దున వేరే నీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని ఏదో ధ్యాసలో ఉంది. చెయ్యి తనంతట తానే రెండో సీసాలోనూ యాసిడ్ చుక్కలు వేయబోయింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. మొత్తం రాగి చూసే మొదటి సీసాలో వేయాలి, నిజమే. విడి రాగి చూసే రెండోదాన్లో వేస్తే ఆకురసం పట్టు వదిలేస్తుంది, పట్టుబడ్డ రాగి కూడా విడి రాగి లెక్కలోకి వచ్చేస్తుంది. అన్న చెరువు నీళ్ళకూ ఇదే చేసినట్టు అప్పుడు గుర్తొచ్చింది! కొత్తవాళ్ళు కాగితం చూసుకుని చేస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళే ఇలా బోల్తా పడతారు.

పరుగున పోయి పై అధికారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీశాడు. "మీ అన్న చెరువని మాట మారుస్తున్నారేమో కషాయమ్మా?"

ఆ మాట గుచ్చుకుంది. కోపమూ వచ్చింది. "కొత్త నీళ్ళు మీరే తెప్పించండి, మీరే చూడండి. నేను గడప ఇవతలే ఉంటాను సార్."

సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి. లోపల అధికారి పరీక్ష చేస్తుంటే, ఆవిడ అద్దం తలుపు ఇవతల నిలబడి చూసింది. ఎండ ఏటవాలుగా సీసాలో పడి గదంతా తేనెరంగుకు తిరిగింది. ఎన్నో ఏళ్ళ ఆకులు ఆ వెలుగులో మెల్లగా కదులుతున్నట్టే ఉంది. గట్టిగా పట్టుకోండమ్మా అని లోలోపల వాటిని బతిమాలింది.

విడి రాగి అంకె దాదాపు సున్నాకు దిగింది.

అధికారి బయటికొచ్చాడు. "ఉత్తరం ఆపేస్తాను. యంత్రం మొరాయించిందని రాసేద్దాం. ఇన్నేళ్ళ మచ్చలేని పేరు మీది." మంచివాడే పాపం.

"వద్దు సార్. యంత్రం తప్పంటే రేపు ఈ అంకెనూ నమ్మరు. మా అన్న కథ మళ్ళీ మొదటికొస్తుంది."

ఉత్తరం రద్దు చేసే కాగితం తీసుకుని, కారణం అని ఉన్నచోట 'రెండో సీసాలో యాసిడ్ వేసింది నేనే' అని రాసి, కింద సంతకం చేసింది.